సౌలు తలగడయొద్ద ఈటె

పాఠ్యభాగములు: 1 సమూయేలు 26:1–25, మార్కు 5:1–20.

ఇంటివద్ద చదువవలసినవి: 1 సమూయేలు 16:14–23, 18:10, 11, 31:1–6, యిర్మీయా 29:24–32, ద్వితీయోపదేశకాండము 22:8.

పాఠోద్దేశము: మనస్సు చెదిరినవాని చేతిలోనుండి ఆయుధమును తొలగించుట యెట్లో, అతని స్వేచ్ఛను గౌరవమును కాపాడుట యెట్లో నేర్చుకొనుట.



ఈ పాఠము పేరు చూడగానే మీలో కొందరు, "అయ్యగారూ, ఆయుధముల మాట మనకెందుకండీ? మన మండపేట చుట్టుపట్ల తుపాకి ముట్టుకొన్నవాడే అరుదు గదా" అని అడుగవచ్చును. నిజమే. సార్వా కోసి దాళ్వాకు నారు పోసికొను మన చేతులలో నుండునవి కొడవలి, పార, పురుగుల మందు కొట్టు పంపు. తుపాకి మనకు సినిమాలోను, బ్యాంకు గుమ్మమువద్ద కాపలావాని భుజముమీదను మాత్రమే కనబడును.

అయినను ఈ పాఠము మనకు రెండు కారణములచేత అవసరమైయున్నది. మొదటిది, నేడు మన తెలుగు బిడ్డలు వేలకొలదిగా అమెరికా దేశమున చదువుకొనుచు, ఉద్యోగములు చేయుచున్నారు. 2023 మే 6వ తేదీన టెక్సాసు రాష్ట్రములోని ఆలెన్ పట్టణపు దుకాణ సముదాయములో ఒకడు తుపాకి పేల్చి ఎనిమిదిమందిని చంపెను. మృతులలో పసిబిడ్డలును, తెలంగాణమునుండి వెళ్లిన ఒక యువ ఇంజనీరును ఉండిరి. ఆ వార్త విన్న రాత్రి తమ బిడ్డలకు ఫోను చేయని తలిదండ్రులు మన వైపునను తక్కువే. రెండవ కారణము మరింత దగ్గరిది. మనస్సు చెదిరినవారు ప్రతి ఊరిలోను, ప్రతి సంఘములోను ఉన్నారు. వారిచేత ఇతరులకు గాని, వారికే గాని హాని కలుగునని తోచినప్పుడు మనము ఏమి చేయవలెను? కట్టివేయవలెనా? వదలివేయవలెనా? ఈ రెంటికిని నడుమ ఒక త్రోవ యున్నదని దావీదు మనకు చూపుచున్నాడు.

1. దావీదు తీసికొనినది, తీసికొననిది

సౌలు ఇశ్రాయేలు మొదటి రాజు. ఆయన మనస్సు కలతపడినప్పుడెల్ల దావీదు సితారా వాయించి నెమ్మది కలిగించుచుండెను. సంగీతము సాగుచుండగానే ఒకనాడు రాజు చేతిలోనున్న ఈటెను దావీదుమీద విసరెను. మరియొకనాడును విసరెను. తరువాత తన కుమారుడైన యోనాతానుమీదనే విసరెను. ఈ అధ్యాయములలో సౌలు కూర్చున్నను పరుండినను ఈటె ఆయన దాపుననే కనబడుచుండుట గమనింపుడి. మనము వైద్యులమై ఆయన వ్యాధికి పేరు పెట్టబోము. కలత చెందిన మనస్సు, చేతికందు ఈటె, ఈ రెండును ఒకచోట కూడినప్పుడే ఇంట భయము పుట్టినదని మాత్రము గ్రహింతము.

ఇరువదియారవ అధ్యాయములో రాత్రివేళ దావీదును అబీషైయు దండులోనికి వెళ్లిరి. సౌలు నిద్రించుచుండెను. ఈటె తలదాపున నేలను నాటబడి యుండెను. ఒక్క పోటుతో పని ముగించెదనని అబీషై అడిగెను. ఆ ఆలోచన మనకును పరిచయమైనదే: అపాయకరమైన మనుష్యుని తొలగించినయెడల అపాయమే తొలగునని లోకము తలంచును. దావీదు ఒప్పుకొనలేదు. అట్లని ఈటెను అక్కడనే వదలియు రాలేదు. ఈటెను, నీళ్లబుడ్డిని తీసికొని దూరముగా కొండశిఖరమున నిలిచి పిలిచెను. ఆయుధమును తీసికొనెను, మనుష్యుని ముట్టలేదు.

22వ వచనమును మనము తరచుగా దాటిపోవుదుము. ఒక పనివానిని పంపి రాజుయొక్క ఈటెను తీసికొనిపొమ్మని దావీదే చెప్పెను. తీసికొనినదానిని దాచుకొనలేదు, విరువలేదు. దానిని అందరియెదుట చూపెను, ఎందుకు తీసికొనెనో చెప్పెను, తిరిగి యిచ్చెను. అయినను తానే దానిని మోసికొనిపోయి సౌలు చేతికి అందింపలేదు. చివరి వచనములో ఎవరి దారిని వారు వెళ్లిరి. క్షమించుట వేరు, జాగ్రత్త మానుట వేరు.

ఈ చిన్న సంగతిలో మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. తీసికొనవలసినది ఏమి, మనుష్యునా ఆయుధమునా? తీసికొనువాడు ఎవరియెదుట జవాబు చెప్పును? తిరిగి యిచ్చుట ఎప్పుడు? ఈ మూడు ప్రశ్నలను చేత పట్టుకొని దేశముల చట్టములను, మన యిండ్లను పరీక్షింతము.

2. అమెరికా దేశపు చిక్కు

అమెరికా రాజ్యాంగమునకు 1791లో చేర్చబడిన రెండవ సవరణ పౌరులకు ఆయుధములు కలిగియుండు హక్కు నిచ్చుచున్నది. ఇది ఒక్కొక్క వ్యక్తికిని చెందిన హక్కేయని 2008లో ఆ దేశపు సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. అదే తీర్పులో, మానసిక రోగులకును ఘోర నేరస్థులకును తుపాకులు నిషేధించు పాత చట్టములను తాము సందేహించుట లేదనియు న్యాయమూర్తులు వ్రాసిరి. 1968 నాటి కేంద్ర చట్టము ప్రకారము, న్యాయస్థానము మానసికముగా అసమర్థుడని తీర్మానించినవాడును, బలవంతముగా మానసిక వైద్యశాలలో చేర్చబడినవాడును తుపాకి కొనరాదు.

వినుటకు ఇది సరిగానే యున్నది. కాని గీత ఎక్కడ గీయవలెను? ఆలెన్ పట్టణములో కాల్పులు జరిపినవాడు 2008లో సైన్యమున చేరి, మూడు నెలలకే మానసిక స్థితి కారణమున తొలగింపబడెను. సైన్యమునుండి అట్లు తొలగింపబడుట మాత్రమే ఆ చట్టమున తుపాకి కొనుటకు ఆటంకము కాదు. అతడు విద్వేష భావములను నింపుకొనినవాడనియు దర్యాప్తులో తేలెను. వ్యాధి యెక్కడ ముగిసెనో, ద్వేషము ఎక్కడ మొదలాయెనో ఎవరు చెప్పగలరు? ద్వేషమునకు రోగమను పేరు పెట్టినయెడల ఏ పాపమును ఎరుగని రోగులందరిని అవమానించినవారమగుదుము.

అంతకుముందు 2007 ఏప్రిలు 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయములో ఒక విద్యార్థి 32 మందిని చంపెను. మృతులలో మన దేశస్థులును ఉండిరి. ఆ విద్యార్థివలన అతనికే ముప్పు కలదని 2005 డిసెంబరులోనే ఒక న్యాయాధికారి తీర్మానించి, ఇంటనుండి వచ్చి చికిత్స పొందవలెనని ఉత్తరువిచ్చెను. వైద్యశాలలో ఉంచుటకు కాక వెలుపలనుండి చికిత్సకు పంపినందున ఆ సంగతి తుపాకి కొనువారిని పరీక్షించు కేంద్ర పట్టికకు చేరలేదు. అతడు దుకాణములో రెండు పిస్తోళ్లు కొనగలిగెను. ఈటె తీయవలెనని ఒక గదిలో తెలిసెను. ఆ మాట రెండవ గదికి చేరలేదు.

ఇట్టివానిని చూచి కొన్ని రాష్ట్రములు మరియొక పద్ధతి చేపట్టెను. 1999లో కనెక్టికట్ రాష్ట్రము దీనికి మొదలిడెను. ఒకనివలన తక్షణ అపాయమున్నదని పోలీసువారు గాని, కొన్ని రాష్ట్రములలో ఇంటివారు గాని న్యాయస్థానమునకు మనవి చేసినయెడల, అతని తుపాకులను కొంతకాలము తీసియుంచవచ్చును. అతనిని చెరసాలలో వేయరు, పిచ్చివాడని ముద్ర వేయరు. కొద్ది దినములలో అతని మాటయు విని, తీసియుంచుట కొనసాగవలెనో మానవలెనో తీర్చుదురు. ఇది దావీదు చేసిన పనికి దగ్గరగానున్నది.

దీనిని ఎదిరించువారి మాటయు న్యాయముగా వినవలెను. మొదటి ఉత్తరువు ఆ మనుష్యుడు లేనప్పుడే ఇయ్యబడుచున్నది గనుక పగగలవారు అబద్ధము చెప్పినయెడల ఏమగునని వారు అడుగుదురు. వైద్యునియొద్ద నోరు విప్పినయెడల హక్కు పోవునను భయముచేత అనేకులు చికిత్సకే రాకుందురనియు చెప్పుదురు. ఈ రెండు మాటలలోను సత్యము కలదు. 2024 జూనులో ఆ దేశపు సుప్రీం కోర్టు, ఇతరుల ప్రాణమునకు ముప్పు కలిగించునని న్యాయస్థానము తేల్చినవానినుండి ఆయుధమును తాత్కాలికముగా దూరము చేయవచ్చునని తీర్పు చెప్పెను. తేల్చుట, తాత్కాలికము అను రెండు మాటలను అడుగు గీచి ఉంచుకొనుడి.

3. మన దేశపు చట్టము

మన దేశమున తుపాకి హక్కు కాదు, అనుమతి మాత్రమే. అయినను ఈ ప్రశ్న మన పెద్దలు ఎరుగనిది కాదు. 1878 నాటి ఆయుధ చట్టముచేత బ్రిటిషువారు మన ప్రజలను నిరాయుధులనుగా చేసి, తమవారికి మినహాయింపు నిచ్చికొనిరి. ఆ అవమానమువలన 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానములో ఆయుధములు కలిగియుండు హక్కును కూడ చేర్చిరి. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్. వి. కామత్ గారు ఆ హక్కును మరల ప్రతిపాదింపగా, డాక్టరు అంబేద్కరు గారు అంగీకరింపలేదు; సభయు త్రోసిపుచ్చెను. మన రాజ్యాంగపు 19వ అధికరణము గుమికూడు హక్కునిచ్చుచు, శాంతముగాను ఆయుధములు లేకుండను అను షరతును చేర్చినది. 21వ అధికరణము చట్టము నిర్ణయించిన పద్ధతిని తప్ప ఎవని ప్రాణమును గాని స్వేచ్ఛను గాని తీసివేయరాదని చెప్పుచున్నది. పిచ్చివాడని లోకము పిలుచువాడును ఆ అధికరణములోని మనుష్యుడే.

1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము, దరఖాస్తుదారునికి మతిస్థిమితము లేదని నమ్ముటకు కారణమున్నయెడల అధికారి లైసెన్సు నిరాకరింపవచ్చును. ఇచ్చిన లైసెన్సును కూడ అదే కారణమున నిలుపవచ్చును, రద్దు చేయవచ్చును. అయితే నిరాకరించుటకు కారణములు వ్రాయవలెను, పైఅధికారియొద్ద అప్పీలు చేసికొను దారియు కలదు.

మరి మతిస్థిమితము లేకుండుట అనగా ఏమి? దిగులుచేత రాత్రులు నిద్రపట్టక మాత్రలు వాడువాడు మతిలేనివాడా? 2018 మే 29నుండి అమలులోనికి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము దీనికి స్పష్టమైన ఉత్తరము చెప్పినది. ఒకనికి మానసిక వ్యాధి యున్నదని తేలినంతమాత్రమున, న్యాయస్థానము ప్రకటించిననే తప్ప, అతడు మతిస్థిమితము లేనివాడని అర్థము కాదు. జ్వరము వచ్చినవాని ఓటు తీసివేయము గదా! అట్లే మనస్సునకు జబ్బు చేసినవానినుండి అతని హక్కులన్నిటిని మూటగట్టి తీసికొనరాదు. ఏది అపాయకరమో దానినే, అపాయమున్నంతకాలమే తీసికొనవలెను.

ఎన్నికలు ప్రకటింపబడగానే లైసెన్సు తుపాకులు గలవారిని పోలీసు ఠాణాలో అప్పగింపుమని కోరుట మన ఎల్లవారము ఎరిగినదే. ఎన్నికలు ముగిసినవెంటనే రసీదు చూపి తెచ్చుకొందురు. అప్పగించినంతమాత్రమున ఎవరును దొంగ కాడు. వేడి చల్లారువరకు ఈటె వేరొకచోట నుండుట మంచిదని మాత్రమే దాని భావము.

4. సంకెళ్లు స్వస్థపరచలేదు

ఇప్పుడు మార్కు అయిదవ అధ్యాయమునకు తిరుగుడి. గెరాసేనుల దేశమున సమాధులలో నివసించిన ఆ మనుష్యుని ఊరివారు పలుమారులు కట్టిరి. అతడు సంకెళ్లను తెంపి, రాళ్లతో తన శరీరమునే గాయపరచుకొనుచుండెను. సంకెలవలన ఊరికి నెమ్మది రాలేదు, అతనికి స్వస్థతయు రాలేదు. యేసు అతనిని మొదట అడిగినది అతని పేరు. తరువాత అతడు బట్టలు కట్టుకొని, స్వస్థచిత్తుడై కూర్చుండెను. అప్పుడు ఊరివారు సంతోషించిరా? లేదు, భయపడిరి. యేసును తమ ప్రాంతము విడిచి పొమ్మనిరి. బాగుపడిన మనుష్యుని చేర్చుకొనుటకు ఊరు సిద్ధముగా లేదు. అయినను ప్రభువు అతనిని తనవెంట తీసికొనిపోక ఇంటివారియొద్దకే పంపెను. వీని స్థానము సమాధి కాదు, ఇల్లు అని ఆయన తీర్పు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన పాకకు తెల్లవారుజామున నిప్పంటుకొనెను. కాళ్లకు గొలుసులుండుటచేత పారిపోలేక 28 మంది కాలిపోయిరి. స్వస్థత కలుగునను ఆశతో ఇంటివారే వారిని ఆ పుణ్యస్థలమునకు తెచ్చి విడిచిరి. ఇది ఇతర మతమువారిని వేలెత్తి చూపుటకు వ్రాయుట లేదు. సహోదరులారా, మన ప్రార్థన కూటములలో దయ్యము పట్టినదని జుట్టు పట్టి కొట్టుట, స్తంభమునకు కట్టుట, మాత్రలు వాడుట అవిశ్వాసమని మాన్పించుట ఎన్నడును జరుగలేదని గుండెమీద చేయి వేసికొని చెప్పగలమా? మధుమేహమునకు మాత్ర వేసికొను విశ్వాసి మనస్సునకు మాత్ర వేసికొనరాదా? బదరీవృక్షము క్రింద చావు కోరుకొనిన ఏలీయాకు దేవుడు మొదట పంపినది గద్దింపు కాదు. రొట్టె, నీళ్లు, నిద్ర.

గొలుసులతో కట్టుట 2017 చట్టము ప్రకారము ఏ విధముగాను చేయరాని పని. రోగి సమ్మతి లేకుండ చేర్చవలసివచ్చినను హద్దులున్నవి. అతని ప్రతినిధి కోరవలెను. ఇద్దరు అర్హులు, అందులో ఒకరు మనోవైద్యుడు, మరియొకరు మానసిక ఆరోగ్య నిపుణుడు గాని వైద్యుడు గాని, వేరువేరుగా పరీక్షింపవలెను. తనకు హాని చేసికొనుట, ఇతరులపై దౌర్జన్యము, తన్ను తాను చూచుకొనలేకపోవుట, ఇట్టి గట్టి కారణముండవలెను. మొదట 30 దినములు మించరాదు. ఆ సంగతి సమీక్షా మండలికి తెలుపవలెను. రోగియు అక్కడ మొరపెట్టుకొనవచ్చును. పోలీసువారు అట్టివానిని కాపాడి 24 గంటలలో ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను గాని లాకప్పులో ఉంచరాదు. ఇంటివారలారా, మీకు విసుగు పుట్టించు ఈ కాగితములు మీ బిడ్డకు కంచె వంటివి.

5. వెఱ్ఱివాడను ముద్ర

కంచె ఎందుకనగా, వెఱ్ఱి యను మాట అధికారుల చేతిలో ఆయుధము కాగలదు. యిర్మీయా 29వ అధ్యాయములో షెమయా అనువాడు, వెఱ్ఱివాడై ప్రవచించుచున్న యిర్మీయాను బొండలో ఏల వేయలేదని యాజకునికి ఉత్తరము వ్రాసెను. పౌలు న్యాయస్థానములో సత్యము పలుకుచుండగా, అధికమైన విద్యవలన నీకు వెఱ్ఱి పట్టినదని ఫేస్తు కేకవేసెను. మన ప్రభువునకే మతి చలించినదని తలంచి ఆయన ఇంటివారు పట్టుకొనబోయిరి (మార్కు 3:21). వినుటకు కష్టమైన మాట పలుకువానిని వెఱ్ఱివాడనుట వానికి జవాబు చెప్పుటకంటె సులభము.

మన రాష్ట్రములో జరిగిన ఒక సంగతి ఈ సందర్భమున తలంపదగినది. నాటి విశాఖపట్నము జిల్లా నర్సీపట్నము ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు వైద్యుడైన డాక్టరు సుధాకర్ గారు 2020 ఏప్రిలులో, కోవిడ్ కాలమున, మాస్కులు చాలుట లేదని బహిరంగముగా చెప్పి సస్పెండు చేయబడిరి. మే 16న విశాఖపట్నపు రోడ్డుమీద పోలీసువారు ఆయన చేతులు వెనుకకు కట్టి తీసికొనిపోవు దృశ్యమును రాష్ట్రమంతయు చూచెను. తరువాత ఆయనను ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చేర్చిరి. ఆయన మత్తులోనుండి అల్లరి చేసెనని పోలీసువారు చెప్పిరి. అది అన్యాయమని ఇంటివారు మొరపెట్టిరి. హైకోర్టు ఆ నెలలోనే విచారణను సి.బి.ఐ.కి అప్పగించెను. జూనులో హైకోర్టు అనుమతితో ఆయన వైద్యశాలనుండి వెలుపలికి వచ్చిరి. 2021 మే నెలలో గుండెపోటుచేత మరణించిరి.

ఎవరి మాట నిజమో తీర్చుట ఈ పాఠము పని కాదు. కాని మన రెండవ ప్రశ్న ఇక్కడ నిలువున లేచుచున్నది: తీసికొనిపోవువాడు ఎవరియెదుట జవాబు చెప్పును? ఒక మనుష్యుడు నిజముగానే కలతలో నున్నను చేతులు కట్టి రోడ్డుమీద పడవేయుట వైద్యము కాదు. అతడు కలతలో లేనియెడల అది మరింత ఘోరము. న్యాయస్థానపు తలుపు తెరచియుండినందుననే ఆ ప్రశ్న అడుగబడినది. ఒకని రాజకీయాభిప్రాయమును బట్టి గాని, మతవిశ్వాసమును బట్టి గాని, నలుగురితో కలియని నడతను బట్టి గాని మానసిక రోగియని నిర్ణయింపరాదని 2017 చట్టమే చెప్పుచున్నది. అమెరికాలో కెన్నెత్ డొనాల్డ్‌సన్ అనువాడు ఫ్లోరిడా రాష్ట్రపు వైద్యశాలలో దాదాపు 15 సంవత్సరములు నిర్బంధింపబడెను. 1975లో ఆ దేశపు సుప్రీం కోర్టు, ఎవరికిని అపాయము చేయక, తనంతట గాని ఇష్టముగల బంధుమిత్రుల సాయముతో గాని బ్రదుకగలవానిని ఊరకే బంధించియుంచరాదని తీర్పు చెప్పెను. ఇష్టముగల బంధుమిత్రులు! సంఘమా, ఆ మాట నిన్ను పిలుచుట లేదా?

6. మన యింటిలోని ఈటె

ఇప్పుడు ఇంటికి వత్తము. మానసిక రోగులలో చాలమంది ఎవరికిని హాని చేయరు. వారు ఇతరులను గాయపరచుటకంటె ఇతరులచేత గాయపడుటయే ఎక్కువ. అమెరికాలో కూడ తుపాకి మరణములలో సగమునకు మించినవి ఆత్మహత్యలే. సౌలు కడపట ఎవరి ఈటెవలనను చావలేదు, తన కత్తిమీదనే పడెను. ఆనాడు ఆయన ప్రక్కన ఆయుధములు మోయువాడు ఉండెను గాని ఆయుధము తీసికొనువాడు లేకపోయెను.

మన పల్లెలలో ఆ కత్తి పేరు పురుగుల మందు. అప్పు కాగితము వచ్చిన రాత్రి, పరీక్ష తప్పిన సాయంకాలము, మగని దెబ్బ తిన్న తెల్లవారుజాము, చూరులోనో పశువుల పాకలోనో ఆ డబ్బా చేతికందుచుండును. చావవలెనను తలంపు అనేకులకు కొద్ది గంటలు మాత్రమే బలముగా నుండి తగ్గిపోవును. ఆ గంటలలో డబ్బా అందనియెడల వారు బ్రదుకుదురు. ప్రక్కదేశమైన శ్రీలంకలో మిక్కిలి విషపూరితమైన మందులను 1980ల నుండి ఒక్కొక్కటిగా నిషేధింపగా, ఆ దేశమున ఆత్మహత్యలు సగమునకు పైగా తగ్గిపోయినవి. ఎవరిని చెరసాలలో వేయలేదు, ఎవరిని కట్టలేదు. ఈటెను మాత్రము దూరము చేసిరి.

ద్వితీయోపదేశకాండము 22:8లో క్రొత్త ఇల్లు కట్టువాడు మేడకు పిట్టగోడ కట్టవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. పడినవానిని తప్పుపట్టుమని చెప్పలేదు. కట్టనివానిమీద రక్తాపరాధము మోపెను. కాబట్టి పురుగుల మందు ఇంట నిలువ ఉంచకుడి. ఉంచక తప్పనియెడల తాళము వేసి, తాళపుచెవి వేరొకరియొద్ద నుంచుడి. పక్కింటి అన్నయ్య దిగులుగా నున్నాడని తెలిసినయెడల వెళ్లి, "అన్నయ్యా, నీ మనసు కుదుటపడేవరకు ఆ మందు డబ్బా మా యింట్లో ఉంచుతాను. పంటకు కావలసిననాడు ఇద్దరము కలిసి కొట్టుకుందాము" అని చెప్పుడి. "చనిపోవాలనిపిస్తోందా?" అని మెల్లగా అడుగుటకు భయపడకుడి. అడుగుటవలన ఆ తలంపు పుట్టదు; దాచుకొనిన భారము దిగును. అతనిని ఒంటరిగా విడువక వైద్యునియొద్దకు తోడు వెళ్లుడి. 14416 అను టెలిమానస్ నెంబరునకు పగలు గాని రాత్రి గాని ఫోను చేసిన, రుసుము లేకుండ తెలుగులో మాటలాడుదురు.

పోలీసు కేసు అగునని దాచిపెట్టవద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లు భావింపవలెననియు, శిక్షింపక సంరక్షణ నియ్యవలెననియు 2017 చట్టము చెప్పుచున్నది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ప్రభుత్వోద్యోగిని బలవంతపెట్టుటకై చేసినప్పుడు తప్ప, అట్టి ప్రయత్నము నేరముగా లేదు.

7. ఈటెను తిరిగి యిచ్చుట

కడపటి ప్రశ్న మిగిలియున్నది. తీసికొనినదానిని ఎప్పుడు తిరిగి యిత్తుము? ఒకసారి వైద్యశాలకు వెళ్లివచ్చినవానిని చూచి "ఎర్రగడ్డ కేసు" అని నవ్వుట, అతని సాక్ష్యమును సంఘములో వినకుండుట, పెండ్లి సంబంధము చెడగొట్టుట, అతని పొలము కాగితములపై తమ్ముడు తన పేరు వ్రాయించుకొనుట, ఇవన్నియు ఈటెతోకూడ మనుష్యుని దోచుకొనుటయే. అపాయము తీరినది, కాని అతని పదవి, ఆస్తి, మాట, మర్యాద మన చేతులలోనే యున్నవి. ఇది దావీదు మార్గము కాదు. అతడు బాగుపడిననాడు పాటల పుస్తకము అతని చేతికిండు. కానుక సంచి పట్టుకొను వంతు అతనికిండు. అతని పొలము అతనిదే, అతని ఓటు అతనిదే, అతని ఆలోచన అతనిదే. మరల నలత చేసినప్పుడు తనకు ఎట్టి చికిత్స కావలెనో, తన పక్షమున ఎవరు మాటలాడవలెనో ముందుగానే వ్రాసియుంచుకొను హక్కును చట్టము అతనికిచ్చినది. ఆ కాగితము వ్రాసికొనుటకు చదువు వచ్చిన యౌవనులు సాయపడుదురుగాక.

ఈ విధముగా చేయుటకు ధైర్యము కావలెను. వదలివేయువానికి ధైర్యము అక్కరలేదు, కట్టివేయువానికి అంతకంటె అక్కరలేదు. నిద్రించుచున్న రాజుయొక్క తలదాపునకు నడిచిపోయి, అతనిని గాయపరచక, ఈటెను మాత్రము తీసికొని, ఎల్లవారి యెదుట చూపి, తగిన వేళకు తిరిగి పంపువానికే ధైర్యము కావలెను.

చర్చించుటకు ప్రశ్నలు

1. దావీదు ఈటెను ఎందుకు తీసికొనెను? ఎందుకు తిరిగి యిచ్చెను? తానే ఎందుకు అందింపలేదు?

2. గెరాసేనుల ఊరివారు బాగుపడినవానిని చూచి ఎందుకు భయపడిరి? మన ఊరిలో అట్టి భయము ఎవరి విషయమై యున్నది?

3. ఇంటివాడు సమ్మతింపకున్నను చికిత్సకు తీసికొనిపోవలసిన సమయమేది? అప్పుడు అతని గౌరవమును కాపాడుటకు ఏ మూడు జాగ్రత్తలు తీసికొందురు?

4. ఈ వారము మీ యింటిలో కట్టవలసిన పిట్టగోడ ఏది?

ప్రార్థన

దయగల తండ్రీ, కలత చెందిన మనస్సులను నీవు ఎరుగుదువు. వారి చేతికందు కీడును తొలగించు తెలివిని, వారిని సంకెళ్లలో వేయని ప్రేమను మాకు దయచేయుము. దూరదేశములలోనున్న మా బిడ్డలను కాపాడుము. అధికారులకు న్యాయమును, వైద్యులకు ఓర్పును, ఇంటివారికి విశ్రాంతిని అనుగ్రహింపుము. బాగుపడి వచ్చినవారికి మా సంఘమును ఇల్లుగా చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.